కొయ్యకాళ్లకు జరిమానా, కాలకూటానికి రాయితీ

2024 నవంబరు మొదటి వారంలో ఢిల్లీ ఆకాశం ఎప్పటిలాగే బూడిద రంగుకు తిరిగింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కూడా ఎప్పటిలాగే పంజాబు, హర్యానా పొలాల వైపు వేలు చూపించింది. వరి కొయ్యకాళ్లు తగలబెట్టే రైతు చెల్లించవలసిన పర్యావరణ పరిహారాన్ని రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు కమతానికి 5,000 రూపాయలు, రెండు నుంచి ఐదెకరాల లోపు 10,000, ఆపైన 30,000. అదే సంవత్సరం ఫిబ్రవరిలో పార్లమెంటు మరొక పని చేసింది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని జైలు శిక్షల్లో చాలావాటిని తొలగించి, వాటి స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాలు పెట్టింది. ఈ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగిలిన రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో దానిని స్వీకరించవచ్చు.

ఏటిలోకి రసాయనం వదిలిన కర్మాగారానికి కనీస జరిమానా 10,000. మూడెకరాల్లో గడ్డి తగలబెట్టిన రైతుకూ 10,000. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారు దేశ రాజధానిలో ఎంతమంది ఉన్నారో గానీ, సంగ్రూర్, బఠిండా గ్రామాల్లో మాత్రం చూశారు.

రైతు నీటికి వెల కట్టాలా, తన వల్ల జరిగే కాలుష్యానికి మూల్యం చెల్లించాలా అన్న ప్రశ్న ఈ దేశంలో ఎప్పుడు తలెత్తినా రెండు శిబిరాలు సిద్ధంగా ఉంటాయి. నీరు ఉచితం గనుకనే దుర్వినియోగం అవుతోంది, వెల పెట్టండి, అన్నీ చక్కబడతాయి అంటుంది ఒకటి. రైతు మీద పైసా వేసినా ద్రోహమే అంటుంది రెండవది. మొదటి శిబిరానికి పొలం తెలియదు. రెండవ శిబిరానికి ఎన్నికల తేదీ తప్ప మరొకటి పట్టదు. రైతు వెల కట్టవలసిందే. అయితే ఎవరు ముందు కట్టాలి, దేనికి కట్టాలి, కట్టిన డబ్బు ఎక్కడికి పోవాలి అన్న మూడు ప్రశ్నలు తేలకుండా వేసే ఏ సుంకమైనా దోపిడీయే అవుతుంది. ఇప్పటికి వరస తలకిందులుగా ఉంది. పైన ఉన్నవాడి బాకీ రద్దవుతుంది, కింద ఉన్నవాడికి తాఖీదు అందుతుంది.

పంజాబు పొగ ఎక్కడ మొదలైందో చూస్తే ఈ తలకిందుల వ్యవహారం బోధపడుతుంది. అది అగ్గిపుల్ల దగ్గర మొదలు కాలేదు, విద్యుత్ మోటారు దగ్గర మొదలైంది. హరిత విప్లవం నాటినుంచి కేంద్రం మద్దతు ధరకు గింజ మిగలకుండా కొన్నది వరి, గోధుమలనే. 1997లో పంజాబు ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చింది. ఐదు నదుల నేలలో హరిత విప్లవానికి ముందు వరి పెద్ద పంటే కాదు. కొనేవాడు సిద్ధంగా ఉండి, తోడే నీటికి ఖర్చు లేకపోయాక మరొక పంట వేసే రైతును తెలివితక్కువవాడు అనాలి. నేల కింది నీరు ఏటేటా దిగిపోయింది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 అంచనా ప్రకారం, ఏటా తోడుకోదగినదిగా లెక్కగట్టిన నీటిలో 156 శాతానికి పైగా ఆ రాష్ట్రం తోడుతోంది. నీటికి వెల పెట్టే ధైర్యం లేని ప్రభుత్వం 2009లో చట్టం తెచ్చింది. జూన్ 10కి ముందు నాట్లు వేయరాదు. మండు వేసవిలో దమ్ము చేస్తే ఆవిరైపోయే నీటిని కాపాడడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి. నవంబరు మధ్యకల్లా గోధుమ విత్తాలి. కోతకూ విత్తుకూ మధ్య మిగిలింది రెండు మూడు వారాలు. ఆ వ్యవధిలో యంత్రం కోసి వదిలిన గడ్డిని తొలగించడానికి చిన్న రైతు దగ్గర ఉన్న అతి చవకైన సాధనం నిప్పు. సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి స్తంభిస్తుంది.

విద్యుత్తు ఉచితం చేసింది ప్రభుత్వం, వరి కొన్నది ప్రభుత్వం, నాట్ల తేదీ మార్చింది ప్రభుత్వం, చివరకు పొగకు జరిమానా వేసింది ప్రభుత్వం. రైతు తప్పు లేదని కాదు. గొలుసులో నాలుగు కొక్కేలుంటే చిట్టచివరి కొక్కేనికి మాత్రమే బిల్లు తగిలించడాన్ని న్యాయం అనరని మాత్రమే.

కాలువ నీటి సంగతి ఇంతకన్నా పాతది. నీటి సుంకమంటే రైతుకు ఒళ్లు మండడానికి చరిత్రలో కారణముంది. 1907లో పంజాబులో బారీ దోఆబ్ కాలువ నీటి రేట్లు పెంచి, కాలువ కాలనీల భూములపై కొత్త ఆంక్షలు తేబోయినప్పుడు లేచిన ఆందోళనకు జడిసి వలస ప్రభుత్వం లాలా లజపతిరాయ్‌ను, అజిత్ సింగ్‌ను మాండలేకు పంపింది. ఆ బిల్లును మాత్రం వైస్రాయ్ మింటో స్వయంగా తిరస్కరించవలసి వచ్చింది. 1930ల చివర బర్ద్వాన్‌లో దామోదర్ కాలువ పన్ను మీద కిసాన్ సభ సత్యాగ్రహం చేసింది. ఆ తరాల రైతుల దృష్టిలో నీటి తీరువా అంటే సర్కారు ఖజానాకు పోయే కప్పం. అది తిరిగి కాలువ గట్టు మీదికి రాదు.

స్వతంత్ర భారతంలో తీరువా తగ్గింది, అనుమానం మాత్రం మిగిలింది. నిపుణులు చెప్పవలసింది చెబుతూనే వచ్చారు. 1972లో నీటిపారుదల కమిషన్, ఆహార పంటలపై వచ్చే స్థూల రాబడిలో 5 శాతం, వాణిజ్య పంటలపై 12 శాతం వరకు నీటి ధర ఉండవచ్చన్నది. 1992లో వైద్యనాథన్ కమిటీ నిర్వహణ ఖర్చు పూర్తిగానూ, దానిపై పెట్టుబడిలో ఒక శాతమూ వసూలు చేయాలన్నది. ఎకరాల లెక్కను వదిలి, నీటిని కొలిచి సంఘాలకు మొత్తంగా అమ్మే పద్ధతికి మారాలని కూడా అన్నది. ఈ రెండో మాట మొదటిదానికన్నా ముఖ్యమైనది. ఆర్థిక శాఖల అధికారులు మొదటిది గుర్తుంచుకున్నారు, రెండోది మరిచారు. ఖర్చు రాబట్టడం మీద ఉన్న శ్రద్ధ నీరు అందించడం మీద ఉండి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1996లో పెద్ద ప్రాజెక్టుల కింద మాగాణి మొదటి పంటకు తీరువాను ఎకరాకు 200 రూపాయలు చేశారు. ఆ తరువాత ఆ అంకె జోలికి పోయే ధైర్యం ప్రభుత్వాలకు లేకపోయింది. ఈనాడు 200 రూపాయలకు వచ్చేది రెండు లీటర్ల డీజిలు. ఇంత స్వల్పమైన మొత్తం ఎవరికి భారమని నిపుణుడు అడగవచ్చు. నాగార్జునసాగర్ కుడి కాలువ చివర దర్శి, అద్దంకి ప్రాంతాల్లోనో, ఎడమ కాలువ చివర తిరువూరు, నూజివీడు వైపో ఆ ప్రశ్న వేసి చూడాలి. తల దగ్గరి ఆయకట్టులో చేను నిండి మురుగుకాలువలోకి పొర్లుతుంటే, శివారు రైతు ఆయిల్ ఇంజను అద్దెకు తెచ్చి వాగులో మడుగు తోడుకుంటాడు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే ఎకరం, ఒకే 200. ఎకరాన్ని బట్టి తీరువా వేసినప్పుడు నీరు ఎక్కువ వాడినవాడికి శిక్ష లేదు, నీరు రానివాడికి మినహాయింపు లేదు. శివారు రైతు ఆ 200కు ఏమీ కొనుక్కోవడం లేదు. కాలువ పక్కవాడు దాదాపు ఉచితంగా కొనుక్కుంటున్నాడు. ఇందులో పేదవాడెవరో వేరే చెప్పాలా? రేటు పెంచకుండా ఉంచడం వల్ల మేలు కలిగింది మొదటివాడికే. తీరువా మాఫీలు కూడా అంతే. నీరు అందని పొలానికి నీటి బకాయి మాఫీ అంటే ఆకలిగొన్నవాడికి హోటల్ బిల్లు రద్దు చేయడం వంటిది.

1997లో సమైక్య రాష్ట్రం రైతుల చేతికి కాలువలిచ్చే చట్టం చేసినప్పుడు దేశమంతా ఇటు చూసింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వసూలైన తీరువాలో వాటా సంఘానికే తిరిగి రావాలన్నది చట్టంలోని ప్రాణవాయువు. ఆ వాటా సకాలంలో రాలేదు. సంఘం పూడికతీత పనుల కాంట్రాక్టు కార్యాలయంగా మారింది. ఎన్నికలు ప్రభుత్వాల ఇష్టాయిష్టాలకు లోబడ్డాయి. నీటిని కొలిచే గేజీ మాత్రం తూముల దగ్గర కనబడలేదు. లస్కరు పోస్టులు ఖాళీ అయ్యాక తలుపు ఎత్తేదీ దించేదీ కాలువ పక్కన బలమున్నవాడే. కొలత లేనిచోట సంఘం ఉన్నా లేనట్టే.

మహారాష్ట్రలోని వాఘాడ్ కథ దీనికి ఎదురు సాక్ష్యం. నాసిక్ జిల్లాలో ఈ మధ్యతరహా ప్రాజెక్టు కట్టి ఏళ్లు గడిచినా చివరి ఆయకట్టులోని ఓఝర్‌కు నీరు సరిగా చేరలేదు. 1990ల మొదట్లో బాపు ఉపాధ్యే, భరత్ కావళే వంటి కార్యకర్తల చొరవతో అక్కడ మూడు సంఘాలు ఏర్పడి, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాయి. సంఘానికి ఇన్ని ఘనపు మీటర్లు అని హక్కు, కొలిచి ఇచ్చిన నీటికి ధర, లోపల పంపిణీ సంఘం బాధ్యత. చివరివాళ్లకు నీరు రావడం చూసి పైవాళ్లూ సంఘాలు పెట్టుకున్నారు. కాలక్రమంలో మొత్తం ఆయకట్టు ఇరవై నాలుగు సంఘాల చేతికి వచ్చింది. ద్రాక్ష తోటలు లేచాయి. అక్కడి రైతులు నీటి బిల్లు కడతారు. కట్టకపోతే నీరు రాదన్న భయం ఉందో లేదో గానీ, కడితే వస్తుందన్న నమ్మకం మాత్రం ఉంది.

వాఘాడ్‌ను ఆదర్శంగా తీసుకున్న రాష్ట్రమే 2005లో జలవనరుల నియంత్రణ ప్రాధికార సంస్థ చట్టం చేసింది. ఘనపరిమాణం లెక్కన ధర నిర్ణయించే అధికారం ఒక స్వతంత్ర సంస్థకు ఇవ్వడం దేశంలో అదే మొదలు. ఆ చట్టంలోకే ఒక వింత నిబంధన చొరబడింది. ఇద్దరికన్నా ఎక్కువ మంది పిల్లలున్న రైతు సాగునీటికి ఒకటిన్నర రెట్లు చెల్లించాలి! పొలానికి పారిన నీటికీ ఇంట్లో పుట్టిన పిల్లలకూ సంబంధమేమిటో శాసనకర్తలకే తెలియాలి. ధర నిర్ణయించే అధికారం చేతికి రాగానే సర్కారుకు రైతును సంస్కరించాలన్న కోరిక ఎలా పుట్టుకొస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కాలువ లేనిచోట సంగతి వేరు. దేశంలో సాగునీటిలో సగానికి మించి నేల కిందనుంచే వస్తోంది. అక్కడ ప్రభుత్వం నీరు ఇవ్వదు. బోరు వేసేది రైతు, అది ఎండితే మరొకటి వేసేదీ రైతే. అనంతపురంలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎండిన బోర్ల అప్పులు ఎన్ని ఇళ్లు కూల్చాయో తెలిసినవారు, మెట్ట రైతు నీటిని ఉచితంగా పొందుతున్నాడని అనలేరు. అతనికి ఉచితంగా అందేది విద్యుత్తు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి, తెలంగాణలో 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలూ. ఈ రాయితీ మోటార్ల సంఖ్యను బట్టి, హార్స్‌పవర్‌ను బట్టి అందుతుంది. నాలుగు మోటార్లున్నవాడికి నాలుగింతలు, బోరు లేనివాడికి సున్న. 2020లో అదనపు అప్పు కోసం కేంద్రం పెట్టిన విద్యుత్ సంస్కరణల షరతుల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్ల ప్రయోగం చేపట్టింది. తెలంగాణ ససేమిరా అన్నది. మీటరును ఉరితాడుగా వర్ణించిన ప్రతిపక్షాల మాటల్లో అతిశయోక్తి ఉన్నా, రైతు భయంలో అతిశయోక్తి లేదు. మీటరు మొదట వస్తే బిల్లు వెనుకనే వస్తుందని అతనికి అనుభవం చెప్పింది.

అదే మీటరును పంజాబు 2018లో కొన్ని ఫీడర్ల కింద మరొకలా వాడి చూసింది. రైతుకు ఇన్ని యూనిట్లు అని కోటా. అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు అతని ఖాతాలో. నీరు పొదుపు చేయి, డబ్బు సంపాదించు అన్న పేరుతో వచ్చిన ఈ పథకంలో ఒక మర్మముంది. ఇక్కడ నీటికి వెల ఉంది. కానీ ఆ వెల రైతు జేబులోనుంచి పోదు, జేబులోకి వస్తుంది. హక్కును ముందు గుర్తించి, పొదుపును తరువాత కొనడం అంటే ఇదే. ఇంతటి సులువైన సూత్రం ప్రయోగ దశ దాటి రాష్ట్రమంతటా విధానంగా ఎదగకపోవడానికి ఆర్థిక శాస్త్రంలో కారణాలు వెతకనక్కరలేదు. ఉచితం అన్న మాటకు ఓట్లున్నాయి, కోటా అన్న మాటకు లేవు.

ఇక కాలుష్యం. రైతు పొలం నుంచి కాలుష్యం పోవడం లేదని వాదించేవారు రైతుకు మిత్రులు కారు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దాదాపు ఐదో వంతు నమూనాల్లో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని మించింది. ఆ నీరు ముందుగా తాగేది ఆ ఊరి పసిపిల్లలే. నైట్రేటుకు మురుగునీరు, పశువుల పెంట కూడా కారణాలే అయినా, యూరియా వాటా కాదనలేనిది. కానీ ఏ చేనునుంచి ఎంత నత్రజని బావిలోకి దిగిందో కొలిచే యంత్రం లేదు. గొట్టం లేని కాలుష్యానికి గొట్టం దగ్గర పన్ను వేయలేరు. దాని అసలు తూము దుకాణంలో ఉంది. యూరియా 45 కిలోల బస్తా దాదాపు 242 రూపాయలు, అంటే కిలో ఐదు రూపాయల చిల్లర. డీఏపీ 50 కిలోలు 1,350. పోషకాల సమతుల్యం చెడిందని వ్యవసాయ శాస్త్రవేత్తలు మొత్తుకుంటుంటే ధరల పట్టిక రైతుకు మరొకటి చెబుతోంది. చెప్పే మాటకూ చెల్లించే రాయితీకీ ఇంత వైరుధ్యం ఉన్నప్పుడు రైతు వినేది రాయితీ మాటే.

న్యాయమైన దారి ఒకటే కనిపిస్తుంది. యూరియా ధరను మెల్లగా పెంచాలి. మిగిలిన రాయితీని ఎకరానికి ఇంత అని నగదుగా ముందే ఇవ్వాలి. ఎక్కువ చల్లినవాడికి నష్టం, తక్కువ చల్లినవాడికి లాభం. ఇక్కడే తెలుగు రాష్ట్రాల అనుభవం ఒక హెచ్చరిక చేస్తోంది. 2018లో తెలంగాణ ఎకరాకు పంటకు 4,000 చొప్పున రైతుబంధు మొదలుపెట్టినప్పుడు డబ్బు పట్టాదారుకు పోయింది, కౌలు రైతుకు కాదు. ఎరువు కొనేది కౌలు రైతు, నగదు అందుకునేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న భూస్వామి అయితే ధర పెంపు నిలువుదోపిడీ అవుతుంది. కోస్తా డెల్టాల్లో సాగులో పెద్ద భాగం కౌలు మీదే నడుస్తోంది. సాగుదారు పేరు కాగితం మీదికి ఎక్కనంతవరకు ఈ సంస్కరణకు అర్హత రాదు.

అన్నిటికన్నా పెద్ద బాకీ మరొకటి ఉంది. దాని ఊసే వినబడదు. రైతు కాలుష్యం చేసేవాడే కాదు, కాలుష్యాన్ని మోసేవాడు కూడా. తమిళనాట నొయ్యల్ నది మీద 1992లో ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు. తిరుప్పూరు అద్దకం పరిశ్రమల వ్యర్థాలు చేరి అది రంగునీటి తొట్టి అయింది. సాగుకోసం కట్టిన ఆనకట్టలో నీరు నిల్వ చేయవద్దని ఆయకట్టుదారులే కోరవలసి వచ్చింది. వారి సంఘం మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి పోరాడితే, వ్యర్థం లీటరుకు ఇన్ని పైసలని జరిమానా పడింది. 2011లో వ్యర్థజలం బొట్టు బయటికి రాకుండా శుద్ధి చేసేంతవరకు యూనిట్లు మూసేయాలని ఆదేశం వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పరీవాహకంలో పొలాలు పాడైన రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. కాలుష్యకారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ దేశ చట్టంలో భాగమని అదే న్యాయస్థానం 1996లో పాలార్ నది చర్మశుద్ధి కర్మాగారాల కేసులో ప్రకటించింది. హైదరాబాదు మురుగు దిగువన మూసీ ఆయకట్టు ఇప్పటికీ ఆ మురుగుతోనే వరి పండిస్తోంది. మహానగరం శుద్ధి చేయక మిగిల్చుకున్న ఖర్చును నల్లగొండ రైతు నేల భరిస్తోంది. ఆ రైతు దగ్గరకు నీటి బిల్లు తీసుకువెళ్లే అధికారి ముందుగా ఎదురు బిల్లు అందుకోవడానికి చేయి చాపాలి.

పరిశ్రమలూ పురపాలక సంఘాలూ వాడిన నీటికి కిలోలీటరు లెక్కన పైసల్లో సెస్సు కట్టే చట్టం ఒకటి 1977 నుంచి ఉండేది. రేటు హాస్యాస్పదమైనా సూత్రం సరైనది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దానినీ రద్దు చేశారు. పరిశ్రమ మీద పైసలు కూడా ఎత్తేసిన దేశం, రైతు మీద వేలు వేస్తోంది.

నీటికి చివరి వినియోగదారు ఎవరన్న ప్రశ్న కూడా ఉంది. పంజాబు వరిలో సింహభాగం ఆ రాష్ట్రం తినదు. కేంద్ర నిల్వలకు చేరి, సుమారు 80 కోట్ల మందికి ఉచిత రేషన్‌గా వెళుతుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం వాటా ఈ దేశానిది. ఓడల్లో బియ్యంతోపాటు నేల కింది నీరు కూడా తరలిపోతోంది, ఏ రసీదూ లేకుండా. కేంద్రం కొనుగోలు ధరలో నీటి మూల్యం లేదు. చిరుధాన్యాలకు, పప్పులకు అదే నమ్మకంతో కొనుగోలు జరిపితే పంట దానంతటదే మారుతుంది. ఆ పని చేయకుండా పంజాబు రైతును వరి మానుకొమ్మని ఉపదేశించడం కేంద్రానికి చౌక.

2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం కాలువ ఆయకట్టుల ఆధునికీకరణకు 1,600 కోట్ల రూపాయలతో ఒక ఉపపథకం ఆమోదించింది. నీటి మూలం నుంచి ఒక హెక్టారు కమతం వరకు భూగర్భ పైపులు, దూరం నుంచే నీటి లెక్కలు చూసే స్కాడా వ్యవస్థ, నిర్వహణ నీటి సంఘాలకు బదిలీ. కొలత రాబోతోందన్నమాట. కొలత వచ్చాక ధర వస్తుంది, అందులో సందేహం లేదు. అయితే ఆ మీటరు ఎవరి మీద నిఘా పెడుతుంది? రైతు తీసుకున్న నీటిని కొలిచే యంత్రం, ప్రభుత్వం ఇవ్వని నీటిని కూడా కొలుస్తుందా? కోటాలో తగ్గిన ప్రతి ఘనపు మీటరుకు శాఖ సంఘానికి పరిహారం చెల్లిస్తుందా? వసూలైన సొమ్ము సంఘం ఖాతా దాటి ఖజానాకు పోకుండా కట్టడి ఉంటుందా? సంఘం సభ్యుల జాబితాలో కౌలుదారు పేరు ఉంటుందా? నీటి పరిమాణంతోపాటు అందులోని లవణాలను, రసాయనాలను కూడా కొలిచి, పైనున్న పట్టణానికీ పరిశ్రమకూ బిల్లు పంపే ఏర్పాటు ఉందా?

మొదటి గేజీని చిట్టచివరి తూము దగ్గర బిగించి, దాని అంకెను ఏ రోజుకారోజు ఊరి రచ్చబండ దగ్గర రాసిపెట్టమని నీటి సంఘాలు ఇప్పుడే అడగాలి. పైపులు భూమిలోకి దిగాక అడిగితే వినేవాడుండడు.